గొడగూచి కన్నీరు – పరీక్షల వేళ పెద్దల ధర్మము

పాల్కురికి సోమనాథ కవి ద్విపదలో రచించిన బసవపురాణము తెలుగునాట వీరశైవ కుటుంబములకు ఇంటి గ్రంథము. అందు బసవేశ్వరుని చరిత్రతోపాటు అనేక శివభక్తుల కథలు కూర్పబడినవి. వానిలో ముగ్ధభక్తుల కథలు మిక్కిలి ప్రసిద్ధములు. ముగ్ధసంగయ్య, రుద్రపశుపతి, బెజ్జమహాదేవి, గొడగూచి మున్నగువారి కథలు మఠములలోను, ఇండ్లలోను తరతరములుగా చెప్పుకొనబడుచున్నవి. వారిలో గొడగూచి పసిబాలిక. ఆమె కథను నిష్కపటమైన భక్తికి నిదర్శనముగా పెద్దలు బోధింతురు. అది యుక్తమే. అయితే ఆ కథలో మరియొక పాఠము కూడ ఇమిడియున్నది. అది పిల్లలకంటె తల్లిదండ్రులకు ఎక్కువ అవసరమైన పాఠము. చదువుల భారముతో, పరీక్షల భయముతో కౌమారవయస్సులోని బిడ్డలు క్రుంగిపోవుచున్న ఈ కాలమున ఆ పాఠమును తిరిగి మననము చేయుట మేలు.

కథ

గొడగూచి తండ్రి శివభక్తుడు. ప్రతిదినము శివాలయమునకు పాలు కొనిపోయి స్వామికి నివేదించుట అతని నియమము. ఒకప్పుడు అతనికి ఊరు విడిచి పోవలసిన పని కలిగెను. తాను తిరిగివచ్చువరకు పాలు తప్పక శివునకు సమర్పింపవలెనని కుమార్తెకు చెప్పి వెడలెను. నివేదన యనగా పాత్రను ముందుంచి మ్రొక్కి తిరిగి తెచ్చుకొనుట యని ఆ బాలికకు తెలియదు. తండ్రి తెచ్చిన పాలను శివుడు నిజముగానే త్రాగుచున్నాడని ఆమె నమ్మకము.

ఆమె పాలు కాచి, పాత్ర నింపి గుడికి పోయెను. త్రాగుమని శివుని వేడెను. స్వామి త్రాగలేదు. పాలు చక్కగా కాగలేదేమో, రుచి తప్పినదేమో, తనవలన ఏదో లోపము జరిగినదేమో యని ఆమె పరిపరివిధముల తలపోసెను. బుజ్జగించెను, బ్రతిమాలెను, ఏడ్చెను. పాలు మిగిలినచో తండ్రి ఏమనునో యను భయము ఆమెను కలచివైచెను. తుదకు ప్రాణములు విడుచుటకే సిద్ధపడెను. అప్పుడు శివుడు ప్రత్యక్షమై, ఆమెను వారించి, పాలు త్రాగెను. బాలిక సంతోషముతో ఖాళీ పాత్రతో ఇల్లు చేరెను. నాటినుండి ప్రతిదినము అట్లే జరిగెను.

తండ్రి తిరిగివచ్చి పాలేమైనవని అడిగెను. శివుడు త్రాగెనని ఆమె ఉన్నమాట చెప్పెను. తండ్రి నమ్మలేదు. పాలు నీవే త్రాగి కల్లలాడుచున్నావని గద్దించెను. నిజము నిరూపింపుమని గుడికి తీసికొనిపోయెను. తండ్రి యెదుట శివుడు పాలు త్రాగలేదు. కోపోద్రిక్తుడైన తండ్రి బిడ్డను దండింపబోగా, ఆమె శివుని శరణు చొచ్చి లింగములో ఐక్యమయ్యెను. తండ్రి చేతికి బిడ్డ దక్కలేదు.

కథలోని భయము

ఈ కథలో తండ్రి దుర్మార్గుడు కాడు. నియమము తప్పని భక్తుడు. కుమార్తెయందు ప్రేమ లేనివాడును కాడు; నమ్మకము ఉండబట్టియే తన వ్రతమును ఆమె చేతిలో పెట్టెను. అయినను అతడు చేసిన లోపములు రెండు కలవు.

మొదటిది, ఏమి చేయవలెనో చెప్పెను గాని, చేయలేకపోయినచో ఏమగునో చెప్పలేదు. "స్వామి త్రాగకపోయినను నీ తప్పు కాదమ్మా, పాత్ర అక్కడ ఉంచి మ్రొక్కి రమ్ము" అని ఒక్క మాట ముందుగా చెప్పియున్నచో ఆ బాలిక గుడిలో అంత విలపించెడిది కాదు. పాలు కాచుట, పాత్ర మోయుట, గుడికి పోవుట ఆమె చేతిలోని పనులు. శివుడు త్రాగుట ఆమె చేతిలోని పని కాదు. తన చేతిలో లేని ఫలమునకు తానే బాధ్యురాలనని ఆ పసిమనస్సు భావించెను. దుఃఖమంతయు అక్కడనే పుట్టినది.

రెండవది, బిడ్డ చెప్పిన నిజమును తండ్రి నమ్మలేదు. తన కంటికి కనబడిన రుజువునే కోరెను. రుజువు దొరకనంతనే కోపించెను. బిడ్డ ముఖము చూచి, ఆమె ఎన్ని దినములు ఎంత భయమును మోసినదో అడిగినవాడు కాడు.

పురాణము ఈ కథను భక్తి విజయముగా చెప్పినది. తండ్రి వైపునుండి చూచినచో అది బిడ్డను కోల్పోయిన ఇంటి కథ. పురాణములోని బాలికను ఆదుకొనుటకు శివుడు వచ్చెను. నేటి బిడ్డ భయములో మునిగియున్నప్పుడు అట్టి లీల జరుగునని ఎవరును వేచియుండరాదు. ఆ సమయమున చేయి చాపవలసినవారు తల్లి, తండ్రి, గురువు, బంధువులే. ప్రాణత్యాగము ఐక్యమును కాదు, భక్తియును కాదు. దేహమును దేవాలయముగా భావించుట బసవేశ్వరుని బోధ. ఆ దేవాలయమును నిలుపుకొనుటయే శరణధర్మము.

నేటి గొడగూచులు

పదవ తరగతి ముగియగానే బిడ్డలను దూరపు హాస్టళ్లలో చేర్చుట తెలుగు రాష్ట్రములలో పరిపాటి యైనది. రెండు సంవత్సరముల ఇంటర్మీడియట్ చదువు, దానితోపాటు ఎప్‌సెట్, జె.ఇ.ఇ., నీట్ పరీక్షల శిక్షణ. తెల్లవారుజామున మొదలైన చదువు రాత్రివరకు సాగును. వారమువారము పరీక్షలు, మార్కుల పట్టికలు, మార్కులనుబట్టి తరగతుల విభజన. కూడలిలో నిలిపిన పెద్ద బోర్డులపై ర్యాంకులు వచ్చినవారి ముఖములు మాత్రమే కనబడును.

ఒక్క లెక్క ఆలోచింపదగినది. 2024 సంవత్సరమున నీట్ పరీక్ష వ్రాసినవారు 23 లక్షలకు పైగా కలరు. దేశమున ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెము మించి యుండెను. అనగా అందరును సమానముగా కష్టపడినను ఇరువదిమందిలో ఒకనికి మాత్రమే ఇంచుమించుగా సీటు లభించును. తక్కినవారికి రాకపోవుట వారి సోమరితనము వలన కాదు. సీట్ల సంఖ్య పరీక్షకు ముందే నిర్ణయమై యున్నది. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు కూడ ఫలితములు వచ్చిన దినమున బిడ్డనే దోషిగా నిలబెట్టుదురు. శివుడు పాలు త్రాగనందుకు గొడగూచిని నిందించుట వంటిదే ఇది.

ఈ భారము ఎంతవరకు పోయినదో ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. అందరికిని పరీక్షలే కారణము కావు. కుటుంబ కలహములు, అనారోగ్యము మున్నగునవి కూడ కలవు. సాధారణముగా ఒక్క కారణము వలన ఇట్టివి జరుగవు. అయినను చదువుల ఒత్తిడి వానిలో ఒక ముఖ్యకారణమని అందరును ఎరిగినదే.

2019 ఏప్రిల్ నెలలో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన కొద్దిదినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఫలితములలో తప్పులు దొరలినవని ఆందోళన చెలరేగగా, అనుత్తీర్ణులైనవారి జవాబుపత్రములను తిరిగి పరిశీలించిరి. వెయ్యిమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులే యని తేలినది. "నేను బాగానే వ్రాశాను" అని ఆ బిడ్డలు చెప్పిన మాట నిజము. కాగితముపైని అంకె తప్పు. బిడ్డ మాటకంటె అంకెనే ముందుగా నమ్మిన ఇండ్లలో ఆ దినములు ఎట్లు గడచెనో ఊహింపవచ్చును. గొడగూచి తండ్రి చేసిన రెండవ లోపము పురాణకాలముతో ముగిసిపోలేదు.

కాయకము – ఫలము

పండ్రెండవ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు, తోడి శరణులు నెలకొల్పిన జీవనవిధానములో కాయకము ప్రధానమైనది. కాయకమనగా శుద్ధమైన మనస్సుతో చేయు శ్రమ. మడివాలు మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. బిజ్జలుని కొలువులో భండారమును చూచిన బసవేశ్వరుడును, చాకిరేవులో నిలిచిన మాచయ్యయును అనుభవమంటపమున సమానులే. ఏ పని చేసెనను దానినిబట్టి శరణునకు గౌరవము తగ్గలేదు, పెరుగలేదు. పనిలోని నిజాయితీయే కొలమానము.

విద్యార్థికి చదువే కాయకము. ఆ కాయకమును శ్రద్ధతో చేసినచో అతడు తన ధర్మమును నెరవేర్చినట్లే. ర్యాంకు కాయకము కాదు. అది లక్షలమంది ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు ఏర్పడు వరుస సంఖ్య. ఎదుటివారు ఎంత చదివిరను దానిమీద కూడ అది ఆధారపడును. తన చేతిలోని పనిని కాయకమనవలెను గాని, పరుల చేతిలోని సంఖ్యను కాదు.

ఇచట ఒక సందేహము కలుగవచ్చును. భయము తొలగించినచో పిల్లలు సోమరులగుదురు గదా యని పెక్కుమంది తల్లిదండ్రుల ఆందోళన. శరణుల చరిత్రయే దీనికి సమాధానము. నులియ చందయ్య త్రాటికై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడినను పని మానలేదని చెప్పుదురు. అంతకంటె కఠినమైన నియమము మరియొకటి లేదు. అయినను ఆ నియమము భయమువలన పుట్టినది కాదు, ప్రీతివలన పుట్టినది. భయముతో చదివిన పాఠము పరీక్షాశాలలో కాగితము చూడగానే మరపునకు వచ్చును. ప్రీతితో చదివినది నిలుచును. ఉపాధ్యాయులు ప్రతిసంవత్సరము దీనిని కన్నులార చూచుచున్నారు. వేళకు లేచుట, వేళకు చదువుట, ఫోనును హద్దులో ఉంచుట అను నియమములు ఇంటిలో ఉండవలసినవే. కాని నియమము తప్పినందుకు మందలింపవచ్చును గాని, మార్కులు తగ్గినందుకు ప్రేమ తగ్గరాదు. ఈ రెంటి నడుమనున్న భేదమును బిడ్డలు మిక్కిలి త్వరగా గుర్తింతురు.

లక్కమ్మ కొలత

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇచట స్మరింపదగినది. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారి దాసోహము సాగెడిది. ఒకనాడు అతడు నిత్యమునకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఏల తెచ్చితివని ప్రశ్నించి, ఎక్కువైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను.

ఆశకు కొలత ఉండవలెనని చెప్పిన గృహిణి ఆమె. నేటి ఇండ్లలో అట్టి కొలత కరవైనది. తొంబది మార్కులు తెచ్చిన బిడ్డను తక్కిన పది ఏమైనవని అడుగుదురు. ఒక సంస్థలో సీటు వచ్చినచో అంతకంటె పెద్ద సంస్థలో ఏల రాలేదందురు. పెద్దనాన్న కొడుకు అమెరికాలో ఉన్నాడని, పిన్ని కూతురు డాక్టరగుచున్నదని భోజనమువేళ చెప్పుదురు. "నీ చదువుకోసం పొలం అమ్మాం, అప్పు చేశాం" అని గుర్తుచేయుదురు. ఈ మాటలన్నియు బిడ్డ మేలుకోరియే అనునట్టివి. కాని విను బిడ్డకు అవి మోయలేని అప్పుపత్రములు. పొలమమ్మవలెనా, అప్పు చేయవలెనా అని నిర్ణయించినది పెద్దలు. ఆ నిర్ణయపు భారమును పదునేడేండ్ల బిడ్డ తలపై ఉంచుట న్యాయము కాదు.

ప్రసాదమును గూర్చి కూడ ఒక మాట. అష్టావరణములలో ప్రసాదమొకటి. లభించినదానిని శివప్రసాదముగా స్వీకరించుట వీరశైవుని అలవాటు. ఫలితములు వచ్చినప్పుడు ఈ ప్రసాదబుద్ధిని బిడ్డకు బోధించుటకు ముందు తల్లిదండ్రులే అలవరచుకొనవలెను. తండ్రి ముఖము మాడ్చుకొని కూర్చుండి, బిడ్డతో "అంతా శివేచ్ఛ" అనిన ప్రయోజనము లేదు.

అక్క నాగమ్మ అండ

బసవేశ్వరుడును ఒకప్పుడు కౌమారదశలోని బాలుడే. ఎనిమిదవ యేట ఉపనయనము చేయ తండ్రి నిశ్చయించెను. తన శివభక్తిమార్గము వేరని బాలుడు నిరాకరించెను. తండ్రి కోరినదొకటి, కుమారుడు వరించినది వేరొకటి. ఆ ఘట్టమున బాలుని ప్రక్కన నిలిచినది అక్క నాగమ్మ. తమ్ముని వెంట ఆమెయును ఇల్లు విడిచి వెడలెనని బసవపురాణము చెప్పుచున్నది.

బిడ్డ త్రోవ పెద్దలు గీచిన గీతనుండి తప్పినప్పుడు కుటుంబమంతయు ఒక్కవైపున నిలిచినచో బిడ్డ ఒంటరియగును. అట్టి సమయమున ఒక్క పెద్ద యైనను బిడ్డవైపు నిలువవలెను. అక్కయో, బాబాయియో, అమ్మమ్మయో, పంతులుగారో, మఠములోని స్వామివారో ఎవరైనను సరే. బిడ్డ చెప్పినదంతయు ఒప్పుకొనవలెనని కాదు; వినవలెను. "నా మాట వినువారు ఒకరున్నారు" అను నమ్మకము బిడ్డకు పెద్ద ఊత. ప్రతి ఇంటిలోను ఒక అక్క నాగమ్మ ఉండుట అవసరము.

ఇష్టలింగము చెప్పునది

దీక్ష పొందిన బిడ్డ వక్షఃస్థలముపై ధరించు ఇష్టలింగము ఆ బిడ్డ విలువకు గుర్తు. మొదటి ర్యాంకు తెచ్చిన బిడ్డ లింగము పెద్దదియు, తప్పిన బిడ్డ లింగము చిన్నదియు కాదు. ఫలితములు చూచి గురువు లింగమును తిరిగి తీసికొనడు. ఈ ఒక్క సత్యమును చిన్ననాటనే బిడ్డ మనస్సున నాటినచో అది జీవితాంతము కాపాడును.

వామహస్తమున ఇష్టలింగమునుంచి, దృష్టి నిలిపి, శ్వాస నెమ్మదిగా విడుచుచు పంచాక్షరిని జపించుట నిత్యవిధి. పరీక్షల దినములలో దీనిని మానక, ఉదయమున పది నిమిషములు చేయుట మంచిది. మనస్సు ఒకచోట నిలుచును; గుండెదడ తగ్గును. అయితే పూజను బేరముగా మార్చరాదు. "ఇన్ని దినములు పూజ చేసినచో ఇంత ర్యాంకు" అని బిడ్డచేత మ్రొక్కు మ్రొక్కించినచో, ర్యాంకు రానప్పుడు శివుడును తనను విడిచెనని ఆ బిడ్డ తలచును. గొడగూచికి కలిగిన దిగులు అదియే. అట్లే, మనస్సు రోగగ్రస్తమైనప్పుడు పూజ వైద్యమునకు బదులు కాదు. జ్వరము వచ్చిన బిడ్డకు విభూతి పెట్టి వైద్యుని యొద్దకును తీసికొనిపోవుదురు గదా! మనస్సు విషయమునను అంతే.

గమనింపవలసిన గుర్తులు

పరీక్షలకు ముందు కొంత కలత సహజము. అది చదివించును గూడ. కాని ఈ క్రింది గుర్తులు రెండు వారములకు మించి కనబడినచో ఉపేక్షింపరాదు.

నిద్ర పట్టకపోవుట, లేదా ఎప్పుడును పడుకొనియే యుండుట. కౌమారవయస్కులకు దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుదురు. నాలుగైదు గంటల నిద్రతో నెలలు గడిపినచో చదివినది కూడ నిలువదు.

అన్నము సహింపకపోవుట, పరీక్ష దినమున కడుపునొప్పి, తలనొప్పి, వాంతులు. వీనిని నటన యని త్రోసివేయరాదు.

స్నేహితులనుండి తొలగిపోవుట, ఇష్టమైన ఆటపాటలు మానుట, చిన్న మాటకే కోపించుట లేక ఏడ్చుట.

"నేను దేనికీ పనికిరాను", "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" వంటి మాటలు. ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టుట.

చివర చెప్పిన గుర్తు కనబడినచో ఒక్క దినమైనను ఆలస్యము చేయరాదు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని సూటిగా, మెల్లగా అడుగవలెను. అట్లడుగుటవలన లేని ఆలోచన పుట్టదు; ఉన్న భారము మాటలలో దిగును. బిడ్డను ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వమువారి టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఇరువదినాలుగు గంటలును ఉచితముగా తెలుగులోనే మాటలాడుదురు. ఈ సేవ 2022 అక్టోబరులో ఆరంభమైనది. పదునెనిమిదేండ్ల లోపు పిల్లల కొరకు 1098 సంఖ్య కూడ కలదు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో మానసిక వైద్యులు లభింతురు. నలుగురు ఏమనుకొందురో యని వైద్యము దాచరాదు. ఆత్మహత్యకు యత్నించినవారిని నేరస్థులుగా గాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి ఆదుకొనవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కావున పోలీసు భయముతో ఆసుపత్రికి పోవుట మానరాదు.

ఇంటిలో ఆచరింపదగినవి

పరీక్షకు ముందే మాట ఇయ్యవలెను. "ఎన్ని మార్కులు వచ్చినా ఇది నీ ఇల్లు. తప్పితే మళ్లీ రాద్దాం" అని తల్లియు తండ్రియు ఇద్దరును బిడ్డ ముఖము చూచి చెప్పవలెను. గొడగూచి తండ్రి చెప్పని మాట ఇదియే.

హాస్టలులోని బిడ్డతో ఫోనులో మాటలాడునప్పుడు మొదటి ప్రశ్న మార్కులను గూర్చి కారాదు. "అన్నం తిన్నావా నాన్నా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడుగవలెను. ఇంటికి వచ్చెదనని బిడ్డ ఒకటికి రెండుసార్లు ఏడ్చినచో, కారణము తెలియువరకు పోయి చూచి రావలెను. కట్టిన ఫీజుకంటె బిడ్డ విలువ ఎక్కువ.

ఫలితముల దినమున బిడ్డ ప్రక్కన ఒక పెద్ద తప్పక ఉండవలెను. బంధువుల ఫోనులకు తల్లిదండ్రులే సమాధానము చెప్పవలెను గాని, బిడ్డ చేతికి ఫోను ఇచ్చి సంజాయిషీ చెప్పింపరాదు. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్ష కలదు. మార్కులయందు సందేహమున్నచో తిరిగి లెక్కింపునకు దరఖాస్తు చేసికొనవచ్చును. పాలిటెక్నిక్, ఐ.టి.ఐ., డిగ్రీ, నర్సింగు, వ్యవసాయ విద్య మున్నగు త్రోవలను ముందుగానే తెలిసికొని ఉంచవలెను. ఒక తలుపు మూసికొనినప్పుడు రెండవ తలుపు ఎక్కడనున్నదో చూపువాడే తండ్రి.

మఠములు చేయగలిగినవి

విద్యాదానము వీరశైవ మఠములకు పరంపరాగతమైన కాయకము. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలకొలది పేదబాలురు ఉచిత భోజన వసతులతో చదువుకొనుచున్నారు. 2019 జనవరిలో శివైక్యము చెందిన శ్రీ శివకుమార స్వామివారు ఇంచుమించు ఎనిమిది దశాబ్దములు ఆ దాసోహమును నడిపిరి. అచ్చట బిడ్డకు అన్నము పెట్టునప్పుడు ర్యాంకు అడుగరు.

ఇట్టి పరంపర గల సమాజమున ప్రతిభా పురస్కార సభలు కూడ ఆ స్ఫూర్తితోనే జరుగవలెను. అధిక మార్కులు తెచ్చినవారిని సత్కరించుట మంచిదే. అయితే ఆ వేదిక క్రింద కూర్చుండి చప్పట్లు కొట్టుచున్న తక్కిన బిడ్డల మనస్సును గూర్చి ఎవరాలోచించుచున్నారు? ఒకసారి తప్పి పట్టుదలతో నెగ్గినవానిని, చదువుచునే తండ్రి దుకాణములో సాయపడినవానిని, మగ్గమో యంత్రమో నేర్చి సొంతకాళ్లపై నిలిచినవానిని, రోగియైన అవ్వను సేవించుచు పరీక్ష వ్రాసిన బాలికను గూడ అదే వేదికపై అదే శాలువాతో సత్కరించినచో, కాయకధర్మము మాటలలో గాక చేతలలో కనబడును.

అనుభవమంటపమున అల్లమప్రభువు అధ్యక్షతన స్త్రీలు, పురుషులు, అన్ని వృత్తులవారు తమ అనుభవములను నిర్భయముగా పలికిరి. నెలకొకసారి మఠములో అట్టి గోష్ఠి పిల్లల కొరకు జరుపవచ్చును. అందు పిల్లలు మాటలాడవలెను, పెద్దలు వినవలెను. ఉపన్యాసములు వలదు. ఆ ప్రాంతపు మానసిక వైద్యుని ఒకరిని ఆహ్వానించుట మంచిది. మఠముల హాస్టళ్లలో 14416 సంఖ్యను గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట ఖర్చులేని పని.

విద్యాసంస్థలు మార్కులనుబట్టి విద్యార్థులను వేరు తరగతులుగా విభజించుట, నలుగురిలో అవమానించుట సాధ్యమైనంతవరకు మానవలెనని 2025 జులై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకములు జారీ చేసినది. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్నచోట మానసిక సలహాదారు ఉండవలెననియు చెప్పినది. బిడ్డను చేర్పించునప్పుడు ర్యాంకుల బోర్డు చూచుటతో సరిపెట్టక, ఆ సలహాదారు ఎవరని అడుగు హక్కు ప్రతి తల్లిదండ్రికి కలదు.

కుటుంబములో మననము చేయదగిన ప్రశ్నలు

1. గొడగూచి గుడిలో ఏడ్చుటకు శివుడు పాలు త్రాగకపోవుట కారణమా, తండ్రి కోపమను తలపు కారణమా? ఇంటిలోని బిడ్డ నేడు దేనికి ఎక్కువ భయపడుచున్నది?

2. బిడ్డ చేతిలోనున్న పనులేవి? బిడ్డ చేతిలో లేని ఫలములేవి? రెండు పట్టికలుగా వ్రాసి చూచుకొనవలెను.

3. లక్కమ్మ వలె "ఇంత చాలును" అని ఆ ఇంటిలో చెప్పగలవారెవరు?

4. బిడ్డకు అక్క నాగమ్మవలె అండగా నిలువగలవారెవరు? ఆ సంగతి బిడ్డకు తెలియునా?

5. గత వారములో మార్కుల ప్రస్తావన లేకుండ బిడ్డతో ఎంతసేపు మాటలాడితిరి?

ఈ ప్రశ్నలను సోమవారపు పూజానంతరము ఇంటిల్లిపాది కూర్చుండి చర్చింపవచ్చును. మొదట బిడ్డ మాటలాడవలెను. అది ముగియువరకు పెద్దలు మౌనముగా వినవలెను. బిడ్డ చెప్పినది నమ్మశక్యముగా తోచకపోయినను, రుజువు అడుగుటకు ముందు నమ్మవలెను.

శరణు శరణార్థి.